రెండు రాత్రుల ప్రాగ్: జర్మనీలో చదివే మనవాళ్ళ కోసం వారాంతపు ట్రిప్పు రివ్యూ

డ్రెస్డెన్, కెమ్నిట్జ్, మాగ్డెబర్గ్, బెర్లిన్ వైపు మాస్టర్స్ చేసేవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో పరీక్షలు అవ్వగానే వచ్చే మొదటి మాట "ప్రాగ్ పోదామా?". చెక్ రిపబ్లిక్ రాజధాని అది: దగ్గర, చవక, వీసా గొడవ లేదు. శుక్రవారం సాయంత్రం బయలుదేరి ఆదివారం రాత్రికి రూముకి చేరే ట్రిప్పుగా చూస్తే ప్రాగ్‌కి ఐదుకి నాలుగున్నర ఇవ్వొచ్చు. తగ్గించిన ఆ అర మార్కు ఊరిది కాదు, ఊరి నడిబొడ్డున కాచుకుని కూర్చున్న డబ్బు మార్చే కొట్లది.

ఒక్క మాట గుర్తుంటే సగం ట్రిప్పు బాగుపడ్డట్టే: కోట శనివారం, యూదుల పేట ఆదివారం. ఎక్కువమంది దీన్ని తిరగేసి వేసుకుంటారు, రెండుచోట్లా మూసిన తలుపులు చూసి వస్తారు. ఎందుకో కింద చెబుతాను.

ఖర్చు సంగతి. బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ముందే డబ్బు కట్టి ఉంచే ఖాతా) నుంచి నెలకి వచ్చే 992 యూరోల్లో అద్దె, ఇన్సూరెన్స్ పోగా మిగిలేది ఎంతో అందరికీ తెలుసు. మూడు వారాల ముందు బుక్ చేస్తే మనిషికి 150 నుంచి 200 యూరోల్లో ఈ ట్రిప్పు అయిపోతుంది: రానూపోనూ బస్సు 30 నుంచి 50, హాస్టల్లో డార్మిటరీ పడక రెండు రాత్రులకి 40 నుంచి 60, తిండికి 40, ఊళ్ళో రవాణా 10 ప్రాంతం, మిగతాది ప్రవేశ టికెట్లు. క్రిస్మస్ మార్కెట్ల కాలంలో, ఈస్టర్ సెలవుల్లో పడక ధరే రెట్టింపు అవుతుంది. ఆ రోజుల్లో వెళ్ళాలంటే ఇంకా ముందే బుక్ చేయాలి. కొత్త సంవత్సరం తర్వాత కూడా క్రిస్మస్ మార్కెట్ చూడాలనుకునేవాళ్ళకి మాత్రం ప్రాగ్ మంచి ఛాన్సు. జర్మనీలో చాలా మార్కెట్లు డిసెంబర్ 24కి ముందే సర్దేస్తారు, ప్రాగ్ పాత పట్టణ కూడలిలోది మామూలుగా జనవరి 6 దాకా ఉంటుంది.

కాగితాలు

జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ కార్డు ఉంటే చెక్ రిపబ్లిక్‌కి వేరే వీసా అక్కర్లేదు. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు మిగతా షెంగెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాలు) తిరగొచ్చు. కార్డు ఇంకా చేతికి రాకపోయినా, ఇండియా నుంచి వేయించుకొచ్చిన డి వీసాకి (దీర్ఘకాలపు వీసా) గడువు ఉంటే అదీ చాలు. చిక్కు ఎక్కడంటే డి వీసా అయిపోయి, కార్డు రాక, చేతిలో ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ (కార్డు వచ్చేదాకా ఇచ్చే తాత్కాలిక కాగితం) ఒక్కటే ఉన్నప్పుడు. ఆ కాగితంలో ఏ గడిలో టిక్కు పెట్టారన్నదాన్ని బట్టి కథ మారుతుంది. మీ ఊరి విదేశీయుల ఆఫీసుకి మెయిల్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు తెచ్చుకునేదాకా బస్సు టికెట్ కొనకండి. సీనియర్ వెళ్ళొచ్చాడు కదా అన్నది జవాబు కాదు, వాడి కాగితంలో టిక్కు వేరే గడిలో ఉండి ఉండొచ్చు.

కార్డు ఒక్కటే జేబులో పెట్టుకుని బయలుదేరడం తరచూ జరిగే తప్పు. అది నివాస అనుమతే గానీ ప్రయాణ పత్రం కాదు. పాస్‌పోర్టు పుస్తకం చేతిలో ఉండాల్సిందే, ఫోన్‌లో ఫొటో పనికిరాదు. షెంగెన్ లోపల చెకింగ్ ఉండదన్న మాట పాతది. జర్మనీ చెక్ సరిహద్దులో 2023 అక్టోబర్ నుంచి, 2024 సెప్టెంబర్ 16 నుంచి భూ సరిహద్దులన్నిటా చెకింగులు మళ్ళీ పెట్టింది. బస్సు ఆపి ఒక్కొక్కరి పాస్‌పోర్టూ చూడొచ్చు.

ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉన్నవాళ్ళకి కార్డు వెనకవైపే యూరోపియన్ హెల్త్ కార్డు ఉంటుంది, చెక్‌లో అది చెల్లుతుంది. ప్రైవేటు బీమా తీసుకున్నవాళ్ళు పాలసీలో జర్మనీ బయట కవరేజీ ఉందో లేదో ఒకసారి చదువుకోవాలి. జర్మన్ సిమ్ అదనపు ఖర్చు లేకుండా పనిచేస్తుంది.

రైలా, బస్సా

డ్రెస్డెన్ నుంచి అయితే రైలే ఎక్కాలి. యూరోసిటీ (దేశాల మధ్య నడిచే ఎక్స్‌ప్రెస్) రైలు రెండుంబావు, రెండున్నర గంటల్లో దింపుతుంది. దారంతా ఎల్బే నది పక్కనే, సాక్సన్ స్విట్జర్లాండ్ రాతి కొండల మధ్య నుంచి పోతుంది. ప్రాగ్ వైపు వెళ్ళేటప్పుడు ఎడమ పక్క కిటికీ సీటు పట్టండి, నది ఆ వైపే. డాయిష్‌లాండ్‌టికెట్ (జర్మనీ ప్రాంతీయ రైళ్ళ నెలవారీ పాస్) యూరోసిటీలో చెల్లదు, ఇది తెలియక ఎక్కి జరిమానా కట్టేవాళ్ళు ఉంటారు. అది మిమ్మల్ని డ్రెస్డెన్ దాకా ఆర్‌ఈ అనే ప్రాంతీయ రైల్లో తెస్తుంది, అక్కడి నుంచి వేరే టికెట్ కావాలి. అదే రైలుకి టికెట్ ధర జర్మన్ రైల్వే డాయిష్ బాన్ ఆప్‌లోనూ, చెక్ రైల్వే 'చెస్కే ద్రాహి' ఆప్‌లోనూ పక్కపక్కన పెట్టి చూడండి. చెక్ వైపు తక్కువకి దొరకడం మామూలే.

బెర్లిన్, మ్యూనిక్ నుంచి అయితే బస్సు చవక. బెర్లిన్ నుంచి నాలుగున్నర గంటలు, మ్యూనిక్ నుంచి ఐదు గంటల దాకా. బస్సులు ఎక్కువగా ఫ్లోరెంట్స్ బస్టాండులో ఆగుతాయి. అక్కడే మెట్రో బి, సి లైన్లు రెండూ కలుస్తాయి గనక దిగగానే దిక్కుతోచని పరిస్థితి ఉండదు. శుక్రవారం ఆఖరి బస్సు ఎక్కి అర్ధరాత్రి దాటాక చేరేవాళ్ళు ఒకటి చూసుకోవాలి: మెట్రో శుక్ర, శని రాత్రుల్లో ఒంటిగంట ప్రాంతం దాకే నడుస్తుంది. తర్వాత దిక్కు తొంభైల నంబర్ల రాత్రి ట్రాములే. అవి లజార్‌స్కా అనే స్టాపు దగ్గర కలుస్తాయి, హాస్టల్ ఎక్కడున్నా అక్కడ మారొచ్చు. వీధిలో చెయ్యెత్తి ట్యాక్సీ ఆపకండి. బోల్ట్, ఊబర్ రెండూ ఉన్నాయి, నలుగురు ఉంటే మనిషికి పడేది కొంచెమే.

డబ్బు పోయే చోట్లు

చెక్‌లో యూరో లేదు, కొరునా. యూరోకి 24, 25 కొరునాల లెక్క బుర్రలో పెట్టుకోండి. దాదాపు అన్నిచోట్లా కార్డు నడుస్తుంది. వీసా గానీ మాస్టర్‌కార్డ్ గానీ గుర్తు లేని ఉత్త జిరోకార్డు (జర్మన్ బ్యాంకుల సొంత డెబిట్ కార్డు) మాత్రం జర్మనీ దాటాక ప్లాస్టిక్ ముక్కే.

కార్డు మెషీన్‌గానీ ఏటీఎంగానీ "యూరోల్లో కట్టమంటారా, కొరునాల్లోనా?" అని అడిగితే ప్రతిసారీ కొరునాలే నొక్కాలి. యూరో నొక్కితే మార్పిడి రేటు మీ బ్యాంకు బదులు ఆ మెషీన్ వాడు వేస్తాడు. ఏటీఎంలో "ఈ రేటుకి ఒప్పుకోవద్దు" అన్న బటన్ భయపెట్టేలా రాసి ఉంటుంది, లావాదేవీ ఆగిపోతుందేమో అనిపిస్తుంది. ఆగదు, డబ్బు వస్తుంది. కూడళ్ళలో, హోటళ్ళ గుమ్మాల్లో బ్యాంకు పేరు లేకుండా నిలబెట్టిన ఏటీఎంలు వదిలేసి, గోడలో బిగించి ఉన్న బ్యాంకు ఏటీఎంకి వెళ్ళండి: చెస్కా స్పోరిటెల్నా, కొమెర్చ్‌నీ బాంకా లాంటివి.

నోట్లు మార్చే కొట్ల బోర్డు మీద "0% కమిషన్" అని ఉంటే అది నిజమే. కమిషన్ తీసుకోడు, రేటులో కోస్తాడు. పెద్ద అక్షరాల్లో కనిపించే రేటు వాడు మనకి యూరోలు అమ్మేది కావచ్చు. మన దగ్గర కొనే రేటు కింద చిన్నగా ఉండొచ్చు. మోసపోయామని అనిపిస్తే రసీదు పారేయకండి. 2019 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం వెయ్యి యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోగా రద్దు చేసుకునే హక్కు ఉంది. అదే కొట్టుకి వెళ్ళి రసీదు, నోట్లు ఇచ్చి అడగాలి. వీధిలో "మంచి రేటు ఇస్తా" అంటూ వెంటపడేవాడికి మాత్రం ఏ చట్టమూ పనికిరాదు. వాడిచ్చేది చెల్లని వేరే దేశపు నోటు అయి ఉంటుంది.

గ్రూపు మొత్తానికి కలిపి వెయ్యి కొరునాల నగదు చాలు. పబ్లిక్ టాయిలెట్లకి, లాకర్లకి, కార్డు తీసుకోని చిన్న పబ్బులకి.

ట్రాము టికెట్ లెక్క

మెట్రోకి గేట్లు ఉండవు. ఎవరూ అడగట్లేదు కదా అనిపిస్తుంది, మెట్లు దిగాక మామూలు బట్టల్లో ఉన్న చెకర్ బిళ్ళ చూపిస్తాడు. కాగితం టికెట్ కొంటే పసుపు పెట్టెలో దూర్చి ముద్ర వేయించాలి, ముద్ర లేని టికెట్ టికెట్ కాదు. జరిమానా అక్కడికక్కడే కట్టినా వెయ్యి కొరునాలకి తగ్గదు. ప్రాగ్ రవాణా ఆప్ పీఐడీ లీటాచ్‌కాలో కొంటే యాక్టివేట్ చేశాక చెల్లుబాటు మొదలవడానికి కొంచెం టైము పడుతుంది, అందుకని చెకర్ కనపడ్డాక నొక్కితే దొరికిపోతారు. ట్రాములో ఉండే కార్డు మెషీన్‌లో కొన్నది మాత్రం ముద్రతోనే వస్తుంది. గ్రూపులో అందరి టికెట్లూ ఒకడి ఫోన్లో పెట్టకండి. వాడు వేరే ట్రామెక్కినా, వాడి ఛార్జింగ్ అయిపోయినా మిగతా అందరూ టికెట్ లేనివాళ్ళే.

మూడు రోజుల టికెట్ కొనడం ఈ ట్రిప్పుకి దండగ. 2025లో ధరలు ఇలా ఉండేవి: అరగంట టికెట్ 30 కొరునాలు, 24 గంటలది 120, 72 గంటలది 330. శుక్రవారం రాత్రి హాస్టల్‌కి ఒక అరగంట టికెట్, శనివారం పొద్దున ఒక 24 గంటలది, ఆదివారం రెండు అరగంటవి: మొత్తం 210. 24 గంటలు ముద్ర పడ్డ నిమిషం నుంచి లెక్క, కాబట్టి శనివారం ఎనిమిదికి మొదలుపెడితే ఆదివారం ఎనిమిది దాకా వస్తుంది. ధరలు మారుతుంటాయి, ఆప్‌లో చూసి ఇదే కూడిక మళ్ళీ వేసుకోండి.

ఒక హెచ్చరిక: ట్రాము మనకోసం ఆగదు. జీబ్రా గీతల మీద కార్లు ఆగుతాయి గానీ ట్రాముకే ముందు హక్కు. ఫోన్ చూస్తూ పట్టాలు దాటొద్దు.

శనివారం, ఆదివారం

కోట మధ్యలో ఉన్న సెయింట్ వైటస్ చర్చి ఆదివారం పొద్దున ప్రార్థనల వల్ల సందర్శకులకి మధ్యాహ్నం 12 దాకా తెరవరు. యూదుల పేట యోసెఫోవ్‌లోని యూదు మ్యూజియం, దాని కిందకి వచ్చే సినగాగులు (యూదుల ప్రార్థనా మందిరాలు), పాత శ్మశానం శనివారం సబ్బాతు (యూదుల విశ్రాంతి దినం) కాబట్టి మూసి ఉంటాయి. వారాంతంలో వెళ్ళేవాడికి ఈ రెండూ హాయిగా చూసే వరస ఒక్కటే ఉంది.

శనివారం ఎనిమిదిన్నరకల్లా కోట దగ్గర ఉండాలి. అందరూ మలోస్త్రాన్‌స్కా మెట్రో దగ్గర దిగి మెట్లెక్కుతారు. ఆయాసం ఒకటి, పైన సంచుల తనిఖీ క్యూ ఇంకొకటి. దాని బదులు 22 నంబర్ ట్రాములో 'ప్రాజ్‌స్కీ హ్రద్' స్టాపు దాకా వెళ్ళి దిగితే కోట వెనకవైపు నుంచి ఐదు నిమిషాలు చదునైన నడక. ఆ గుమ్మం దగ్గర రద్దీ తక్కువ. మెట్లు దిగేటప్పుడు వాడుకోండి, ఊరంతా ఎర్ర పెంకుల కప్పులతో కళ్ళముందుంటుంది.

కోట ఆవరణలో తిరగడం ఉచితం. లోపలి భవనాలకి నాలుగు చోట్లకి చెల్లే ప్రధాన సర్క్యూట్ టికెట్ 2025లో 450 కొరునాలు, విద్యార్థులకి 300 ఉండేది. మనవాళ్ళలో చాలామంది ఇక్కడే గతుక్కుమంటారు: విద్యార్థి రాయితీకి 26 ఏళ్ళ పరిమితి ఉంది. రెండేళ్ళు ఉద్యోగం చేసి మాస్టర్స్‌కి వచ్చినవాళ్ళు పూర్తి ధర లెక్కేసుకుని రండి. టికెట్ మర్నాడు కూడా చెల్లుతుంది గనక శనివారం మిగిలిన భవనం ఆదివారం మధ్యాహ్నం చూడొచ్చు. నాలుగు చోట్లలో ముందు చర్చికి వెళ్ళాలి, పది దాటితే బయట క్యూ పాములా చుడుతుంది. 1344లో మొదలుపెట్టిన ఆ చర్చి 1929లో గానీ పూర్తి కాలేదు. మన రోడ్డు పనుల్ని తిట్టుకునేముందు ఆ లెక్క ఒకసారి వేసుకోవచ్చు. డబ్బు పెట్టదలుచుకోనివాళ్ళు చర్చి ముందు భాగం దాకా టికెట్ లేకుండానే వెళ్ళి తల పైకెత్తి చూసి రావచ్చు. గోల్డెన్ లేన్ అనే చిన్న ఇళ్ళ సందు ఒక్కదాని కోసం టికెట్ కొనక్కర్లేదు. టికెట్ల వేళ ముగిశాక సాయంత్రం ఆ సందులో ఉచితంగా నడవొచ్చు, ఇళ్ళు లోపల మాత్రం మూసి ఉంటాయి. 22 నంబర్ నీలం ఇంట్లో రచయిత కాఫ్కా 1916, 17 ప్రాంతంలో కూర్చుని రాసుకున్నాడు.

సాయంత్రం లెత్నా తోటకి వెళ్ళండి. వ్ల్తావా నది మీద వంతెనలన్నీ ఒకదాని వెనక ఒకటి కనిపించే చోటు అదే, పైసా ఖర్చు లేదు. డబ్బు పెట్టి ఎక్కే ఏ టవర్ కన్నా నా ఓటు దానికే.

ఆదివారం చార్ల్స్ వంతెనతో మొదలుపెట్టాలి. 1357లో పునాది వేసిన 516 మీటర్ల రాతి వంతెన, రెండు పక్కలా 30 విగ్రహాల గుంపులు. పదింటికి తిరునాళ్ళ, సూర్యోదయానికి మాత్రం ఖాళీ. చలికాలంలో వెళ్ళేవాళ్ళకి ఇక్కడ అదృష్టం కలిసొస్తుంది: డిసెంబర్, జనవరిలో సూర్యుడు ఎనిమిది ప్రాంతంలో వస్తాడు, కాబట్టి ఏడున్నరకి లేచినా పరవాలేదు. జూన్‌లో ఐదింటికి ముందే తెల్లారుతుంది, రాత్రి పబ్బుకి వెళ్ళిన గ్రూపుకి ఆ ఆశ వద్దు.

అక్కడి నుంచి యోసెఫోవ్ పది నిమిషాల నడక, మ్యూజియం తొమ్మిదికి తెరుస్తారు. టికెట్ చవకేమీ కాదు గానీ ఈ ట్రిప్పులో డబ్బు పెట్టాల్సిన చోటు ఒక్కటే అంటే ఇదే అంటాను. పింకస్ సినగాగు గోడల నిండా నాజీలు చంపిన బొహీమియా, మొరావియా (చెక్ ప్రాంతాలు) యూదుల పేర్లు చేత్తో రాసి ఉంటాయి, దాదాపు 78 వేలు. దాన్ని ఆనుకునే పాత శ్మశానం, చోటు లేక సమాధి మీద సమాధి పెట్టారు. అక్కడ సెల్ఫీలు, కేకలు వద్దని గ్రూపులో ముందే చెప్పుకోండి.

ఖగోళ గడియారం గురించి ఒక్క మాట. 1410 నాటి యంత్రం ఇంకా నడవడం గొప్పే. గంట గంటకీ జరిగే బొమ్మల కదలిక నిమిషం కూడా ఉండదు, దానికోసం ఇరవై నిమిషాలు నిలబడక్కర్లేదు. దారిలో పడితే చూడండి. అందరూ తలలు పైకెత్తి ఉన్న ఆ నిమిషం జేబుదొంగలకి పండగ, బ్యాగు ముందుకి తిప్పుకోండి.

తిండి

శాకాహారులకి ప్రాగ్ కష్టమైన ఊరు అన్నది సగమే నిజం. పాత పట్టణ కూడలికి దగ్గర్లో ఉన్న బియాస్ ధాబాలో ఉత్తరాది శాకాహారం బఫే, పళ్ళెంలో పెట్టుకున్నదాన్ని తూకం వేసి ధర కడతారు. అన్నం గుట్టగా పెట్టుకుంటే బిల్లూ గుట్టవుతుంది, పప్పు, కూరలు ఎక్కువ పెట్టుకోండి. చెక్ హోటళ్ళలో మెనూలో 'బెజ్‌మసా' అని ఉన్న చోట మాంసం లేనివి ఉంటాయి. ఆ 'మసా' చూసి మన మసాలా అనుకునేరు, అక్కడ 'మసో' అంటే మాంసం, 'బెజ్' అంటే లేకుండా. వాటిలో స్మజెనీ సీర్ తినండి: మందపాటి చీజ్ ముక్కకి బ్రెడ్ పొడి అద్ది వేయిస్తారు, బంగాళాదుంపలు, టార్టర్ సాస్‌తో ఇస్తారు. చల్లారితే రబ్బరే, వేడిమీదే తినాలి. బ్రాంబొరాక్ అనే బంగాళాదుంప అట్టు వెల్లుల్లి వాసనతో మన నోటికి బాగా నచ్చుతుంది, కాకపోతే పంది కొవ్వులో వేయించడం ఉంది. 'సాద్లో?' అని అడిగి తీసుకోండి.

గొడ్డుమాంసం తిననివాళ్ళు 'హోవ్యెజీ' అన్న మాట గుర్తుపెట్టుకోవాలి. గూలాష్, స్విచ్‌కోవా అనే వంటకాలు రెండూ మామూలుగా అదే. 'వెప్‌షోవే' పంది, 'కుర్జెట్సీ' కోడి. రేటు తక్కువ ఉండే మధ్యాహ్నం మెనూ సోమ నుంచి శుక్ర దాకానే, వారాంతంలో దాన్ని నమ్ముకోకండి.

పొగలు కక్కే త్రదెల్నీక్, అదే చక్కెర పూసిన గొట్టం రొట్టె, "పాత బొహీమియా వంటకం" అని బోర్డు పెట్టి అమ్ముతారు. ప్రాగ్‌కి అది టూరిస్టుల కోసం వచ్చిన సరుకే, దానికి పేరుపడ్డది స్లొవాకియాలోని స్కలిట్సా ఊరు. నలుగురు ఒకటి కొని రుచి చూస్తే చాలు.

పబ్బులో బీరు అర లీటరు గ్లాసు. బల్లమీద ఒక చీటీ పెట్టి, గ్లాసు తెచ్చినప్పుడల్లా గీత గీస్తారు. ఆ చీటీయే బిల్లు, పారేయొద్దు. కొన్ని పాత పబ్బుల్లో గ్లాసు ఖాళీ అవ్వగానే అడక్కుండానే ఇంకోటి వస్తుంది, చాలనుకుంటే గ్లాసు మీద అట్టముక్క పెట్టేయాలి. మంచినీళ్ళు అడిగితే సీసా నీళ్ళకి బిల్లు వేస్తారు, కుళాయి నీళ్ళు తాగడానికి బాగుంటాయి గనక సొంత సీసా నింపుకుని తిరగండి.

పడక, తిరుగు ప్రయాణం

హాస్టల్ పాత పట్టణంలో తీసుకోనక్కర్లేదు, గోల ఎక్కువ, ధర ఎక్కువ. జిజ్‌కోవ్, కార్లీన్, హోలెషోవిత్సే పేటలు ట్రాములో పది పదిహేను నిమిషాలు. బుకింగ్ ధర మీద మనిషికి రాత్రికి 50 కొరునాల ఊరి పన్ను విడిగా అడగొచ్చు, అది మోసం కాదు. రాత్రి పది తర్వాత వీధిలో గుంపుగా అరుపులు, పాటలు వద్దు. నడిబొడ్డున దానికి పోలీసులు వస్తారు.

తిరుగు బస్సు ఆదివారం ఎంత ముందు ఎక్కితే అంత మంచిది. జర్మనీ వైపు చెకింగులో అరగంట నుంచి గంట పోవచ్చు, డ్రెస్డెన్‌లో దిగి ఆఖరి ఆర్‌ఈ రైలు పట్టుకోవాలనుకున్నవాళ్ళు ప్లాట్‌ఫారం మీద తెల్లారబెట్టాల్సి వస్తుంది. మధ్యలో కనీసం గంటన్నర తేడా పెట్టుకోండి. బయలుదేరే ముందు ఒక పని: జర్మనీలో ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసి ఉంటాయి, ప్రాగ్‌లో మామూలుగా తెరిచే ఉంటాయి. సోమవారానికి పాలు, బ్రెడ్, గుడ్లు అక్కడే కొనుక్కోవచ్చు. చేతిలో మిగిలిన నాణేలు కూడా అక్కడే వదిలించుకోండి, నోట్లు మార్చే కొట్లు నాణేలు తీసుకోవు.